గేటు నారాయణ

రాత్రి పదకొండు దాటాక మా హాస్టల్‌లో ఎవరి ల్యాప్‌టాప్ వెలుగుతున్నా కారణాలు మూడే ఉంటాయి: వెబ్ సిరీస్, అసైన్‌మెంట్, కోడింగ్ కాంటెస్ట్. నాది నాలుగోది. నేను రోల్‌ప్లే రాస్తాను. "అంటే గేమా?" అని అడుగుతారు. గేమే అనుకోండి, కాకపోతే బొమ్మలుండవు, స్కోరుండదు, చివర్లో గెలిచేవాళ్ళూ ఉండరు. నేనొక మనిషినై నాలుగు లైన్లు రాస్తాను. అవతలివాళ్ళు ఇంకో మనిషై జవాబు రాస్తారు. అలా రాసుకుంటూ పోతే ఒక ఊరు తయారవుతుంది.

మేం ఐదుగురం. ఇద్దరం ఈ కాలేజీవాళ్ళమే. ఒకమ్మాయిది జగిత్యాల వైపు, ఒకబ్బాయిది విశాఖ, ఇంకో అన్న టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఎండాకాలంలో ఆయనకు సాయంత్రం ఆరైతే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. అందుకే ఆయనకు పాలవాడి పాత్ర ఇచ్చాం. మేం లేచేసరికి ఊళ్ళో పాలు పోసేసి వెళ్ళిపోయి ఉంటాడు. మా కథ జరిగేది 1980లలో, బ్రాంచి రైలు లైను పక్కన ఉండే ఒక ఊహా ఊళ్ళో.

ఈ ఆటకి ఉన్న ముఖ్యమైన రూలు ఒక్కటే. ఎదుటివాళ్ళ పాత్రను నువ్వు కదపకూడదు. "నేను చెయ్యెత్తాను" అని రాసుకోవచ్చు. "నీ చెంప పగిలింది" అని రాయకూడదు. తగిలిందో తప్పించుకుందో చెప్పాల్సింది చెంప ఉన్నవాళ్ళు. దీన్ని మీరడాన్ని గాడ్ మోడింగ్ అంటారు, అలా రాసేవాళ్ళతో రెండోసారి ఎవరూ రాయరు. మనం మనలాగా మాట్లాడాలంటే, అంటే "మెస్ టైమైంది, తినేసి వస్తా" లాంటివి చెప్పాలంటే, జంట బ్రాకెట్లలో పెడతాం. డిస్కార్డ్‌లో టప్పర్‌బాక్స్ అనే బాట్ ఉంది. పాత్ర పేరు, బొమ్మ ముందే అందులో రిజిస్టర్ చేసి పెడితే, మనం టైప్ చేసింది తీసేసి అదే మాటను ఆ పాత్ర పేరు మీద మళ్ళీ పోస్ట్ చేస్తుంది. పేరు మారగానే ఎవరు రాస్తున్నారో నిజంగానే మర్చిపోతాం.

ఇక్కడే అసలు విషయం మొదలవుతుంది. ఊరన్నాక ఐదుగురే ఉండరు కదా. కిళ్ళీకొట్టు వాడు కావాలి, కరణం కావాలి, పక్కింటి పిన్ని కావాలి. అందుకని కొన్ని పాత్రలను ఒకళ్ళు ముందే రాసి పెట్టి ఇంకొకళ్ళ చేతికిస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చిన దగ్గర్నుంచీ బల్లమీద ఆడే ఈ ఆటలు పెరుగుతూ వచ్చాయి. కొత్తగా వచ్చినవాళ్ళు గంటసేపు కూర్చుని పాత్రను తయారు చేసుకోలేరని రెడీమేడ్ పాత్రలు ఇస్తుంటారు. వాటిని ప్రీజెన్ అంటారు. అక్కడ ఇచ్చేవి ఎక్కువగా అంకెలు: బలం ఇంత, తెలివి ఇంత, కత్తి ఒకటి. మా దగ్గర ఇచ్చేది మాటల్లో రాసిన మనిషిని. అంకెలున్న కాగితం ఇచ్చేస్తే బాధేం ఉండదు. మనిషినిస్తే ఉంటుందని నాకు నారాయణ వల్ల తెలిసింది.

షీట్లు రాయడం కూడా ఒక విద్యే. మా విశాఖ అబ్బాయి ఒక పాత్రకి పద్నాలుగు పేజీలు రాశాడు, బ్లడ్ గ్రూపుతో సహా. దాన్ని తీసుకున్నవాళ్ళు పాత్రను ఆడలేదు, పరీక్ష రాశారు. ఇంకొకళ్ళు "మంచివాడు, కోపం ఎక్కువ" అని రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. దాంతో ఏ సినిమాలో తమ్ముడైనా తయారవుతాడు. నన్నడిగితే మూడు చాలు: ఏం కావాలనుకుంటాడు, చచ్చినా ఏం చెయ్యడు, ఎలా మాట్లాడతాడు. ఒక గడి మాత్రం ఖాళీగా వదలాలి. తీసుకున్నవాళ్ళు కాలు పెట్టడానికి కాస్త జాగా ఉండాలిగా.

గేటు నారాయణ షీటు నేను సెకండియర్ సెలవుల్లో రాశాను. మా అమ్మ వాళ్ళ నాన్న తెనాలి-రేపల్లె లైన్లో గేట్‌మ్యాన్‌గా చేశారు. నేను ఇంటర్‌లో ఉండగా పోయారు. షీటులో తాతయ్య పేరు లేదు, ఊరు లేదు. మిగతాదంతా ఆయనే. నడుస్తూ జేబులో తాళాలు మోగకుండా చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఏ ప్రశ్నకైనా ముందు "ఊఁ" అని తర్వాత జవాబు చెప్పడం, ఎదురుగా ఎవరొచ్చి బతిమాలినా బండి వెళ్ళేదాకా గేటు తియ్యకపోవడం. గేటు వేశాక స్టేషన్ మాస్టరుకు ఫోన్లో ప్రైవేట్ నంబర్ అని ఒకటి చెబుతారు. గేటు పడింది, బండిని వదలొచ్చు అని అర్థం. ఆ నంబర్ చెప్పాక ఆ గేటు ఆయన ఇచ్చిన మాట లాంటిది. ఇది తాతయ్య నాకు ఐదో క్లాసులో చెప్పాడు. షీటులో "చచ్చినా చెయ్యని పని" అన్నచోట అదే రాశాను. "ఎవరితోనూ మాట్లాడని విషయం" అన్న గడి ఖాళీగా వదిలాను. ఏడాదిలో ఒక రాత్రి ఆయన అన్నం తినేవాడు కాదు. ఎందుకో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలిసుంటే రాసేదాన్నేమో.

నారాయణను జగిత్యాల అమ్మాయి తీసుకుంది. మొదటి సీనే పెళ్ళి లారీ. ముహూర్తం ముంచుకొస్తోంది, గేటు పడింది. నాది పెళ్ళికూతురి అన్న పాత్ర. అంటే గేటు అవతల నిలబడి అరవాల్సింది నేను. "ఏమయ్యా, బండి ఎక్కడుందో ఏమో, ఒక్క నిమిషం తియ్యి" అని టైప్ చేసి పోస్ట్ చేశాను. చేశాక చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా ఉన్నది తాతయ్య. రాస్తున్నది ఆయన్ని ఫొటోలో కూడా చూడని అమ్మాయి. ఆరు నిమిషాల తర్వాత జవాబొచ్చింది. "ఊఁ," అన్నాడు నారాయణ. తర్వాత గదిలోకి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, గేటు కింద నుంచి వంగి, లారీ దిగిన పెళ్ళికూతురి చేతికిచ్చాడు. గేటు మాత్రం తియ్యలేదు.

నీళ్ళు నా షీటులో లేవు. మర్నాడు అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆయన నీళ్ళు చేతికివ్వడమేంటే. గేటు పక్కన కుండ పెట్టి ఊరుకునేవాడు. ఎవరు తాగారో కూడా చూసేవాడు కాదు" అంది. మళ్ళీ తనే, "తర్వాతేం జరిగింది, పెళ్ళి టైముకి చేరారా?" అని అడిగింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అమ్మకి సీన్లు చదవడం అలవాటైంది.

ఒక నెల గడిచేసరికి నారాయణ యాస మారడం మొదలైంది. "అట్లా" పోయి "గట్ల" వచ్చింది. కుర్రాడు పోయి పోరడు వచ్చాడు. మా విశాఖవాడు గోల చేశాడు, తెనాలి గేట్‌మ్యాన్ జగిత్యాల ఎప్పుడెళ్ళొచ్చాడని. నాకైతే అంత ఇబ్బంది అనిపించలేదు. పక్కవాళ్ళ పాత్రలో మన నోరు దూరడం కొత్తేం కాదు. మన పద్యనాటకాల్లో చూడండి, సత్య హరిశ్చంద్ర ఒకే రాత్రి ఆడుతుంటే హరిశ్చంద్రుణ్ణి ఇద్దరు ముగ్గురు నటులు పంచుకునేవారు. కాటి సీను కట్టే ఆయన వేరు. అంతవరకూ సన్నగా ఉన్న రాజు శ్మశానానికి వచ్చేసరికి లావెక్కి, గొంతు మారిపోయి కనబడేవాడు. జనం ఈల వేసి వన్స్ మోర్ అనేవారు తప్ప మొహం మారిందేమని ఎవరూ అడగలేదు. అంతకన్నా పెద్ద ఉదాహరణ మన భారతమే. పదకొండో శతాబ్దంలో నన్నయ పాండవుల్ని అరణ్యపర్వం మధ్యలో అడవిలో వదిలేశాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన వాళ్ళను నేరుగా విరాటుడి కొలువు నుంచి అందుకున్నాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వెనక్కి వెళ్ళి ఆ మిగిలిన అడవి నడిపించాడు, అదీ నన్నయ తరఫున రాస్తున్నట్టుగా రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చి. అక్కడ షీటు వ్యాసుడిది, అది అందరికీ తెలుసు. మా నారాయణకి షీటు ఒకటిన్నర పేజీ.

గొడవ యాస దగ్గర రాలేదు, ఖాళీ గడి దగ్గర వచ్చింది.

ఆ అమ్మాయి ఒక రోజు జంట బ్రాకెట్లలో అడిగింది: "నారాయణ ఒక్కసారి గేటు తీసిండు. నంబర్ చెప్పినంక. రాద్దామా?" వద్దన్నాను. ఎందుకని అడిగింది. షీటులో రాశాను కదా, చచ్చినా తియ్యడని. "గదే గద. ఎన్నడు తియ్యనోడు ఒక్కసారి తీస్తెనే కథ. తియ్యకపోతే వాడు గేటు, మనిషి కాదు" అంది. మాట బాగానే ఉంది, నాకూ తెలుసు. కానీ ఆ సీను ఆదివారం అమ్మకి చదవాలి. పోయిన మనిషి ముప్పై ఏళ్ళు నిలబెట్టుకున్నదాన్ని నా స్నేహితురాలు ఒక రాత్రిలో రాసి పారేస్తే అమ్మ ఏమంటుంది? అది మా తాతయ్య అని అప్పటిదాకా గ్రూపులో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కాల్‌లో చెప్పాను. చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "నాకు ఇచ్చినవ్ అనుకున్న. నువ్వింక పట్టుకునే ఉన్నవ్ గద" అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

సీపీపీ ల్యాబ్‌లో మనందరికీ చెప్పినదే ఇది, పాస్ బై వాల్యూ, పాస్ బై రిఫరెన్స్. కాపీ ఇచ్చావా, అసలుదాని అడ్రస్ ఇచ్చావా? కాపీ అయితే అవతల ఎంత మార్చినా నీ దగ్గర ఉన్నది అలాగే ఉంటుంది. అడ్రస్ ఇస్తే అక్కడ గీసిన గీత ఇక్కడా పడుతుంది. చట్టం కూడా ఈ విషయంలో పెద్దగా పనికిరాలేదు. మన 1957 కాపీరైట్ చట్టం ఉమ్మడి రచన అనాలంటే ఒకరి భాగం ఇంకొకరి భాగం నుంచి విడిగా కనబడకూడదంటుంది. మా దగ్గర ఎవరి పోస్ట్ వాళ్ళ పేరుతో, టైముతో సహా విడివిడిగానే ఉంది. నారాయణ మాత్రం విడదీస్తే రాడు. "ఊఁ" నాది, చెంబు తనది.

చివరికి ఫోర్క్ చేశాం. గిట్ వాడినవాళ్ళకి అర్థమవుతుంది. మా ఊళ్ళో నారాయణ అలాగే ఉన్నాడు, గేటు తియ్యడు, ఇప్పుడు నీళ్ళు చేతికే ఇస్తాడు. తను వేరే ఛానెల్‌లో వెంకటస్వామి అని కొత్త పేరు పెట్టుకుని అదే షీటుతో మొదలుపెట్టింది. అతని గేటు పెద్దపల్లి దగ్గర, బొగ్గు బండ్లు పోయే లైన్లో. యాస సమస్యా తీరింది.

వెంకటస్వామి గేటు తీసిన సీను వచ్చినప్పుడు నాకు మిడ్స్. నాలుగు రోజులు నోటిఫికేషన్ చూస్తూ తెరవలేదు. ఐదో రోజు చదివాను. అర్ధరాత్రి పాము కరిచిన కొడుకుని భుజాన వేసుకుని సైకిల్ మీద ఒకడొస్తాడు. మనిషొక్కడైతే గేటు కింద నుంచి దూరొచ్చు కదా అనుకుంటారేమో, సైకిల్ లేకపోతే ఆస్పత్రి ఏడు మైళ్ళు. సైకిల్ని ఎత్తి దాటించడానికి అతని చేతులు ఖాళీగా లేవు. వెంకటస్వామి ముందు "ఊఁ" అన్నాడు. తర్వాత గేటు అర గజం లేపాడు. మళ్ళీ దించాడు. బండి వచ్చింది, పోయింది. ఏమీ జరగలేదు. ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి నుంచి ఏటా ఆ తారీఖున అతను అన్నం ముట్టడు, ఎందుకంటే ఏమీ జరగకపోవడం తన గొప్ప కాదని అతనికి తెలుసు.

అన్నం సంగతి నేను తనకి కాల్‌లో చెప్పాను కదా. దాన్ని వదల్లేదు.

అమ్మకి చదవాలా వద్దా అని చాలా ఆలోచించి, ముందే చెప్పి చదివాను: పేరు వేరు, ఊరు వేరు, ఇది మన తాతయ్య కాదు అని. అంతా విని, "అవును, ఈయన మా నాన్న కాదులే" అంది. ఇంకేదో వంట సంగతి మాట్లాడింది. ఫోన్ పెట్టేయబోతూ, "ఇంతకీ ఆ పిల్లాడు బతికాడా?" అంది. తెలీదమ్మా, ఆ అమ్మాయి ఇంకా రాయలేదన్నాను. రాశాక చెప్పమంది.

పోయిన వారం తను నాకొక షీటు పంపింది. బీడీలు చుట్టే పెద్దమ్మ. పేజీ కూడా లేదు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. మాట్లాడుతూనే చుడుతుంది, లెక్క తప్పదు. కార్ఖానాలో బీడీలు తీసి పక్కన పారేస్తే ఏమీ అనదు, ఇంటికొచ్చాక అంటుంది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. కింద ఒక గడి ఖాళీగా ఉంది. ఆదివారం లోపల నేను మొదటి పోస్ట్ పెట్టాలి. షీటు ఇప్పటికి మూడుసార్లు చదివాను. ఒక్క లైను కూడా రాయకముందే జంట బ్రాకెట్లలో ఒకటి అడిగాను: "ఈమె మీ ఇంట్లోవాళ్ళా?"

సీన్ పడింది. టైపింగ్ అని చూపిస్తోంది, ఆగిపోతోంది, మళ్ళీ చూపిస్తోంది.