చేయి చాపక ముందు



పోయిన ఆదివారం ప్రభువు బల్ల దగ్గర జరిగింది మీలో చాలామంది చూశారు. ఎప్పుడూ వెనక, చెప్పులు విడిచే చోట కూర్చునే అక్క లేచి వచ్చి, అందరితోపాటు వరుసలో నిలబడి, కుడి చేయి చాపి రొట్టె తీసుకుంది. ఇందులో ఏముంది అని కొందరు అనుకొని ఉండవచ్చు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ అక్కను అడిగే ఇది రాస్తున్నాం, పేరు మాత్రం రాయడం లేదు.

కొన్నేళ్ల క్రితం ఆమెకు కుష్ఠువ్యాధి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన మందులు ఏడాదిపాటు వాడింది, జబ్బు నయమైంది. అయితే అప్పటికే నరాలు దెబ్బతిన్నాయి. ఈ వ్యాధి క్రిములకు శరీరంలో చల్లగా ఉండే చోట్లు ఇష్టం. అందుకే చర్మానికి దగ్గరగా ఉండే నరాలను, మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర పట్టుకుంటాయి. ఆ నరాలు పాడైతే అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి, వేళ్లు కొక్కెంలా లోపలికి ముడుచుకుపోతాయి. అక్క అన్నం ముద్ద కలుపుకోలేకపోయేది. మిరపకాయలు కోయలేకపోయేది. మసిగుడ్డ లేకుండా వేడి గిన్నె దించి, చేయి కాలినా తెలియక, బొబ్బలు చూసుకున్నాక తెలుసుకునేది.

ఇలాంటి చేతులకు ఆపరేషన్ చేయవచ్చని మన పక్కనే, వేలూరులో తేలింది. చిత్తూరు వైపు వాళ్లందరికీ తెలిసిన ఊరే. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టారు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి సర్జన్‌గా వచ్చారు. చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమం చూడడానికి వెళ్లి, వేళ్లు ముడుచుకుపోయిన ఒక మనిషితో చేయి కలిపారు. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందో చూసి ఆశ్చర్యపోయారు. పనికిరాదని వదిలేసిన చేతిలో మంచి కండరాలు ఇంకా ఉన్నాయి. తాకినందువల్లనే ఆయనకు ఆ సంగతి తెలిసింది.

మన ప్రతి వేలినీ ముడిచేందుకు ముంజేతి నుండి రెండేసి తాళ్లలాంటి స్నాయువులు వస్తాయి. ఒక వేలికి ఉన్న రెండింటిలో ఒకటి తీసి, దాన్ని నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్లకూ కలిపి కుడతారు. సుమారు మూడు వారాలు పిండికట్టు. తరువాత అసలు కష్టం మొదలవుతుంది. ఇదివరకు వేలు ముడవడానికి పనికొచ్చిన కండరం ఇప్పుడు వేళ్లు తెరవడానికి పనిచేయాలి కాబట్టి, మెదడు ఆ పని కొత్తగా నేర్చుకోవాలి. దానికి రోజూ వ్యాయామం చేయాలి. బలమున్న వేలు తనకున్న రెండింటిలో ఒకటి ఇస్తేనే తక్కిన వేళ్లు లేస్తాయి. ఒక్క శరీరం, అనేక అవయవాలు అని ఎన్నిసార్లు ప్రసంగించామో! ఆ మాట ఒక చేతిలో ఇలా కనబడుతుందని మేము ఎన్నడూ అనుకోలేదు.

స్పర్శను మాత్రం ఈ ఆపరేషన్ తిరిగి ఇవ్వలేదు. బ్రాండ్ గారి రోగుల్లో కొందరికి రాత్రికి రాత్రే వేళ్లు కరిగినట్టు పోయేవి. కాపలా కాసి చూస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నా వాళ్లకు తెలియడం లేదని బయటపడింది. అప్పటి నుండి ఇంటికి వెళ్లే రోగులతో పిల్లులను కూడా పంపారట. వేళ్లు పోయేది జబ్బు తినేసి కాదు, నొప్పి తెలియక తగిలే గాయాల వల్లనని ఆయన లోకానికి చూపించారు.

ఇక మా సంగతి చెప్పుకోవాలి. మన అక్కకు ఒక మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగి ఎనిమిది నెలలైంది. వేళ్లు తెరుచుకున్నాయి. అయినా ఆమె వెనకే కూర్చునేది. మేము కూడా ఎప్పటిలాగే ఆమె ఇంటి నుండి తెచ్చుకున్న స్టీలు పళ్లెంలో, పైనుండి రొట్టె వేసేవాళ్లం. ఆమెకు పట్టుకోవడం రాదు కదా, సాయం చేస్తున్నాం అని చెప్పుకునేవాళ్లం. నిజానికి మాకు భయం. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఈ జబ్బు ఇతరులకు అంటదని తెలిసి కూడా భయపడ్డాం.

మొన్న శుక్రవారం మా ఇంటామె వాళ్లింటికి వెళ్లి, చేయి బాగైంది కదా, ముందుకొచ్చి కూర్చోవచ్చుగా అక్కా అని అడిగింది. ఆమె నవ్వి, “చేతికి డాక్టరుగారు ఆపరేషన్ చేశారమ్మగారూ. ముందుకు రమ్మని మాత్రం నన్నెవరూ పిలవలేదు” అంది.

మార్కు సువార్త 3వ అధ్యాయంలో ఊచచేయి గలవాని సంగతి మనకందరికీ తెలుసు. అది కుడిచేయి అని లూకా రాశాడు. మేము ఇన్నేళ్లూ గమనించనిది ఒకటుంది. యేసయ్య అతణ్ణి బాగుచేసి మధ్యకు పిలవలేదు. ముందు అందరి మధ్యలో నిలబడమన్నాడు, ఆ తరువాతే చేయి చాపమన్నాడు. మేము అక్క చేయి బాగైన ఎనిమిది నెలల తరువాత కూడా పిలవలేదు. ఇందుకు సంఘం ఎదుట క్షమాపణ అడుగుతున్నాం.

మరొక్క మాట. మీ ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉన్నా, చిటికెన వేలు తిమ్మిరెక్కినా, వంగుతున్నా దాచుకోకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందులు ఉచితం. నరం దెబ్బతిన్న తొలి నెలల్లోనే చూపించుకుంటే ఆపరేషన్ దాకా రాకుండానే ఆగవచ్చు. భయమైతే మాతో చెప్పండి, మేము తోడు వస్తాం.

ప్రభువా, తాకడానికి వెనకాడిన మా చేతులను క్షమించు. వాటినీ తెరువు. ఆమేన్.