వేలు చూపే బొమ్మ

పిల్లలూ, మీరు పెద్దవాళ్ళయి ఎప్పుడైనా లండను నగరం వెళితే, థేమ్సు నదికి దక్షిణాన లాంబెత్ రోడ్డులో వున్న ఒక పెద్ద భవనం తప్పక చూడండి. దాని ముందు రెండు బ్రహ్మాండమైన ఫిరంగులు ఆకాశంకేసి నోళ్ళు తెరుచుకుని వుంటాయి. ఒకప్పుడు యుద్ధనౌకలమీద వుండిన ఈ ఫిరంగుల నోరు 15 అంగుళాల వెడల్పు. ఈ భవనం పేరు ఇంపీరియల్ వార్ మ్యూజియం. పూర్వం ఇది మనోవ్యాధులకు చికిత్స చేసే ఆస్పత్రి. 1936లో మ్యూజియం ఇక్కడికి వచ్చింది.

ఫిరంగులనూ, విమానాలనూ చూడటానికి అందరూ ఎగబడతారు. కాని ఈ మ్యూజియం వారి దగ్గర కాగితపు ఆయుధాలు కూడా వేలకొద్దీ వున్నాయి. అవే యుద్ధకాలంలో గోడలకు అంటించిన పోస్టర్లు!

1914 ఆగస్టు 4న బ్రిటను మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. జర్మనీ, ఫ్రాన్సు దేశాలలో యువకులు సైన్యంలో పనిచేసి తీరాలనే చట్టం వుండేది. బ్రిటనులో అటువంటి చట్టం లేదు. వున్న సైన్యం చిన్నది. యుద్ధమంత్రి అయిన కిచెనర్ ప్రభువు, ఇష్టపడి వచ్చే లక్షలాది మంది కావాలన్నాడు. ఈయన 1902 నుంచి 1909 వరకు మన దేశంలో సేనాధిపతిగా వుండినవాడే. అప్పటికి ఇళ్ళలో రేడియోలు లేవు. అందుచేత ప్రభుత్వం తన మాట గోడలచేత చెప్పించింది.

1914 సెప్టెంబరు 5న ఒక వారపత్రిక అట్టమీద ఆల్‌ఫ్రెడ్ లీట్ అనే చిత్రకారుడు కిచెనర్ బొమ్మ వేశాడు. గుబురు మీసాలు, సూటిగా చూసే కళ్ళు, మనకేసి చాచిన చూపుడువేలు. "మీ దేశానికి నువ్వు కావాలి" అని దాని భావం. తరవాత అదే పోస్టరు అయింది. అసలు బొమ్మ ఈ మ్యూజియం వారి దగ్గర భద్రంగా వుంది.

ఈ బొమ్మలో ఒక విచిత్రం వున్నది. మీరు ఎడమవైపుకు జరిగినా, కుడివైపుకు జరిగినా ఆ కళ్ళూ, ఆ వేలూ మిమ్మల్నే వెంటాడతాయి. ఇందులో మంత్రం ఏమీ లేదు. మీ స్నేహితుణ్ణి ఎదురుగా నిలబడి వేలు చూపమనండి. మీరు పక్కకు జరిగితే అతని చెవి కనిపిస్తుంది, వేలు మరొక దిక్కు చూపుతుంది. కాని కాగితం బల్లపరుపుగా వుంటుంది. అందులో కనపడని చెవి ఎటు జరిగినా కనపడదు. అందుచేత మనవైపు చూస్తున్నట్టు గీసిన కన్ను ఎక్కడినుంచి చూసినా మనవైపే చూస్తుంది. మీరే ఒక బొమ్మ గీసి పరీక్షించండి.

ఇంత పెద్ద బొమ్మలను వేలకొద్దీ ఎలా అచ్చువేశారు? నూనెకూ నీటికీ పొసగదని మీకు తెలుసు. నున్నటి రాతిపలకమీద గాని, లోహపు రేకుమీద గాని జిడ్డుసుద్దతో బొమ్మ గీస్తారు. దానిని నీటితో తడుపుతారు. ఆపైన జిడ్డుసిరా పూస్తే, సిరా బొమ్మకు మాత్రమే అంటుకుంటుంది, తడిసినచోట అంటదు. దానిమీద కాగితం పెట్టి నొక్కితే బొమ్మ పడుతుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక కావాలి. అందుకే చాలా పోస్టర్లలో రంగులు తక్కువ. అక్షరాలు మాత్రం పెద్దవి, వీధిలో పోయేవాడు నడుస్తూనే చదువుకోగలగాలి.

1915లో సావిల్ లమ్లీ గీసిన మరొక పోస్టరులో సైనికుడే లేడు! ఒక తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళోని కూతురు పుస్తకం చూస్తూ, "నాన్నా, మహాయుద్ధంలో నువ్వేం చేశావు?" అని అడుగుతున్నది. కింద కొడుకు బొమ్మ సిపాయిలతో ఆడుకుంటున్నాడు. తండ్రి జవాబు చెప్పలేక ఎటో చూస్తున్నాడు. యుద్ధానికి వెళ్ళనివాడికి సిగ్గు కలిగించడానికి మీవంటి పిల్లలను వాడుకున్నారు.

మన దేశంలో పోస్టర్ల ధోరణి వేరు. ఉర్దూలో వేసిన ఒక పోస్టరులో యూనిఫారం, డబ్బు, తుపాకి చూపించి, ఇవి ఎవరు తీసుకుంటారని అడిగారు. సైన్యంలో చేరినవాడు అని జవాబు. అక్కడ సిగ్గు, ఇక్కడ ఆశ! ఆ యుద్ధంలో మన దేశంనుంచి 10 లక్షలకు పైగా మనుషులు సముద్రాలు దాటారు, 70 వేలకు పైగా తిరిగి రాలేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంనుంచి రెండు ప్రపంచయుద్ధాలకూ ఎందరో వెళ్ళారు. ఆ వూరిని మిలటరీ మాధవరం అంటారు.

పోస్టర్లవల్లనే జనం చేరారా? బ్రిటనులో అందరికన్నా ఎక్కువమంది చేరినది 1914 సెప్టెంబరులో. అప్పటికి కిచెనర్ బొమ్మ గోడలకు సరిగా ఎక్కనేలేదు. దేశభక్తి, స్నేహితులు, జీతం, అన్నీ పనిచేశాయి. ఒకే వూరివాళ్ళు, ఒకే ఫ్యాక్టరీవాళ్ళు జట్టుగా చేరారు. వయసు ఎక్కువ చెప్పి చేరిన కుర్రాళ్ళు వేలమంది. 1916 జులై 1న ఫ్రాన్సులోని సోమ్ నది యుద్ధంలో ఒక్క రోజునే 19 వేలకు పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. కొన్ని వీధులలో ఇంటింటా ఏడుపే. ఇష్టపడి వచ్చేవాళ్ళు చాలక, ఆ యేడే బ్రిటను నిర్బంధ సైనిక చట్టం తెచ్చింది. కిచెనర్ కూడా 1916 జూన్ 5న, ఎక్కిన ఓడ మందుపాతరకు తగిలి మునిగి మరణించాడు.

కాని ఆ వేలు మాత్రం మునగలేదు! తరవాత అమెరికాలో జేమ్స్ మాంట్‌గొమరీ ఫ్లాగ్ తన ముఖాన్నే నమూనాగా తీసుకుని, గడ్డం తగిలించి, "అంకుల్ శామ్" వేలు చూపుతున్నట్టు గీశాడు. అవి 40 లక్షలకు పైగా ప్రతులు అచ్చయ్యాయి.

పిల్లలూ, ఆ పోస్టర్లలో బురద గుంటలు లేవు, గాయాలు లేవు, కొడుకుకోసం గుమ్మంలో ఎదురుచూసే తల్లి లేదు. ఏ గోడమీదనైనా ఒక బొమ్మ మీకేసి వేలు చూపితే మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని అంటించినది ఎవరు? నాచేత ఏం చేయించాలని? ఇందులో గీయకుండా వదిలినది ఏమిటి?

మూడో ప్రశ్నకు జవాబు బొమ్మలో దొరకదు. అది మీరు వెతుక్కోవాలి.