హక్కు దక్కని చిత్రం, ముగియని నవల

జార్జ్ రొమెరో పిట్స్‌బర్గ్ పరిసరాల్లో, హాలీవుడ్ స్టూడియోల ఆసరా లేకుండా తీసిన నలుపు తెలుపు భయానక చిత్రం 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' 1968లో విడుదలయింది. పంపిణీదారు పేరు మార్చినపుడు కొత్త ప్రతులలో కాపీరైట్ ప్రకటన లోపించింది. నాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క పంక్తి లేనందున చిత్రం సర్వజనుల సొత్తయింది. అది అంతగా వ్యాపించడానికి ఈ లోపమే కారణం కావచ్చు; దర్శకునికి మాత్రం అది తీరని నష్టం.

నవలకు ఆ వ్యయభారం లేదు: ఎన్ని శవాలు లేచినా ఖర్చు కాగితమే. అయితే 'ది లివింగ్ డెడ్' నవల ముగియకముందే, 2017లో, అతడు మరణించాడు. డేనియల్ క్రౌస్ పూరించగా 2020లో వెలువడింది. ఇటువంటి పూరణ తెలుగువారికి కొత్త కాదు. ఎఱ్ఱన అరణ్యపర్వ శేషాన్ని నన్నయ కృతిపతి రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చి తాను మరుగున నిలిచాడు. క్రౌస్ పేరు ముఖపత్రంపై రొమెరో పేరు సరసనే ఉంది.