గీకేసిన అక్షరాలు

అప్పంపల్లి మీద నాటకం వేస్తామని మా బిజినేపల్లి పిల్లలు పట్టుబట్టినప్పుడు తుపాకుల పని నా మీద పడింది. 1947 అక్టోబరులో, ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోని ఆ ఊళ్లో నిజాం పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు. పాలమూరోళ్లకు కొత్తగా చెప్పే సంగతి కాదు. డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరయినవాణ్ణి, ఉలి పట్టడం వచ్చు. పోలీసు చేతికి 303 రైఫిలు ఇస్తే సరిపోతుందనుకున్నాను.

ఫోనులో వెతికితే ‘పోలీస్ 303’ అన్న పేరుతో చక్కటి బొమ్మ దొరికింది. దాన్నే కొలతలకు పెంచి గీసుకుని, తలుపు చట్రాలకు పోగా మిగిలిన టేకు చెక్కలో చెక్కాను. భుజానికి ఆనించే మడమ దగ్గర వంపు బాగా కుదిరింది. వార్నిషు కూడా రెండు పూతలు ఎక్కువే వేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, ఒక్క రిటైర్డ్ హెడ్ కానిస్టేబులు తప్ప. ఆయన రిహార్సలు చూడ్డానికొచ్చి రైఫిలు చేతిలోకి తీసుకుని, మేగజైను మీద వేలు పెట్టాడు.

“సార్, గిది నలభై ఏడుల యాడిది? గిది మాకు ట్రైనింగుల ఇచ్చిందే గదా!”

ఆయన మాట నిజం. 303 అంటే లీ-ఎన్‌ఫీల్డ్. గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో 0.303 వంతు, పేరు అక్కణ్ణుంచే వచ్చింది. బ్రిటిష్ సైన్యం 1907లో తీసుకున్న మార్క్ 3 రకం బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ తయారయ్యేది. పొడవు 44.5 అంగుళాలు, బరువు నాలుగు కిలోల దాకా. కొయ్య చివరిదాకా వచ్చి గొట్టాన్ని దాదాపు కప్పేస్తుంది కాబట్టి ముక్కు మొద్దుగా కనిపిస్తుంది. 1962లో చైనాతో యుద్ధం అయ్యాక అదే ఇషాపూర్‌లో, అదే రూపంలో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపోయేలా ఇంకో రైఫిలు చేశారు. దాని పేరు 2ఏ1. దూరం నుంచి చూస్తే రెండూ కవలలే. తేడా మేగజైనులో ఉంది. 303 తూటాకు అడుగున అంచు పొడుచుకొచ్చి ఉంటుంది, అందుకని దాని పెట్టె అడుగు వాలుగా ఉంటుంది. 7.62 తూటాకు ఆ అంచు లేదు కాబట్టి పెట్టె చదరంగా ఉంటుంది. నేను చెక్కింది చదరపు పెట్టె. అంటే 1947 నాటి కాల్పులకు 1960ల తుపాకి పంపించాను.

ఇలా పొరబడటం తేలికే. ఉత్తరప్రదేశ్ పోలీసులు అసలు 303కు వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినోత్సవం పరేడ్‌లో! అంతకాలం వాడుకలో ఉన్నాక, పాత పోలీసు తుపాకి ఏది కనబడినా జనం నోట 303 అవుతుంది. నేను మాత్రం ఒక్క బొమ్మతో ఆగకుండా నాలుగు చూసి, ఏ ఏటిదో అడగాల్సింది. మేగజైను కోసేసి మళ్లీ అతికించాను. స్టేజీ దీపాల కింద అద్దంలా మెరుస్తున్న వార్నిషు గీకి అవిసె నూనె పట్టించాను. అప్పటి సైనికులు కొయ్యకు పట్టించింది ఆ నూనెనే.

ఇంతటితో ఆగితే నవ్వుకోవచ్చు. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల వేషం వేసిన కుర్రాళ్లందరికీ 303లే చేసి పెట్టాను, అందరూ ఒక్క తీరుగా ఉంటే బాగుంటుందని. రజాకార్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ముందు నుంచి మందు కూరే భర్మార్లు, కత్తులు, బల్లేలు. అందం కోసం వాళ్లకు లేని బలం ఇచ్చాను.

అసలు చెప్పాల్సింది ఇంకొకటుంది. నాటకం సంగతి విని మండలంలోని ఒక పెద్దాయన అటక మీంచి ఓ కొయ్య తుపాకి తెచ్చిచ్చాడు. కవాతు నేర్చుకునే ఉత్త కొయ్య, ఇనుము ముక్క లేదు. రజాకార్ల కాలంలో మా దిక్కు నుంచి నిజాం రాజ్యం ఎల్ల దాటి కర్నూలు వైపు, నిజాం మీద పోరాడేవాళ్ల క్యాంపులకు పోయినవాళ్లున్నారు. ఈ పెద్దాయన తండ్రి కూడా పోయొచ్చాడనీ, దీంతోనే కవాతు చేశాడనీ ఆ ఇంట్లో చెప్పుకుంటారు. మడమ మీద కాల్చి వేసిన అక్షరాలేవో పొగచూరి ఉన్నాయి. మురికి అనుకున్నాను. ముందు మోటు సాండ్ పేపరు, తర్వాత సన్నది పట్టాను. కొయ్య కొత్త పెళ్లికూతురులా తేలింది. ఫోటో తీయలేదు, కాగితం పెట్టి అచ్చు తీయలేదు, కనీసం చదవలేదు. తిరిగిచ్చినప్పుడు పెద్దాయన మడమ తడిమి, “రాత ఏది సార్?” అనడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ అక్షరాలు క్యాంపు పేరో, మనిషి పేరో, ఏదైనా బడి డ్రిల్లు క్లాసు నంబరో ఇక తెలిసే దారి లేదు. ఆ ఇంటి మాటకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని నేనే గీకేశాను.

చట్టం గురించి కూడా ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి విడిభాగాలూ ఆయుధాలే, నకలును అసలుగా మార్చడానికి లైసెన్సు కావాలి. నాటకానికి చేసేది నిండు కొయ్యతోనే చేయండి, గొట్టానికి రంధ్రం పెట్టకండి, నల్ల రంగు చుక్క చాలు. ఊళ్లోంచి తీసుకెళ్లేటప్పుడు గోనెసంచిలో చుట్టండి, ముందుగా ఠాణాలో చెప్పండి. పాత ఇంట్లో అసలు తుపాకి ఇనుము ఏదైనా బయటపడితే బాగు చేయబోకండి, పోలీసులకు అప్పగించండి.

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దిక్కున అటకల మీద ఆ కాలపు కొయ్యలు, బిళ్లలు, కాగితాలు ఇంకా ఉన్నాయి. దొరికితే తుడవకండి. అన్ని వైపులా ఫోటోలు తీసి, ఎవరిదో, ఎవరు చెప్పారో రాసిపెట్టి, పురావస్తు శాఖ వాళ్లకో చరిత్ర చదివిన మాస్టరుకో చూపించండి. సాండ్ పేపరు పట్టాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.