అద్దె మెట్ల మీద తోడి గాంధారం

కచేరీ వేదికపై కీబోర్డు అనగానే మెట్లూ శబ్దమూ ఒకే పెట్టెలో ఇమిడిన వాద్యమే చాలామందికి స్ఫురిస్తుంది గాని, ఇటీవలి దశాబ్దాలలో ఈ రెండూ విడిపోతూ వచ్చి, శబ్దాలన్నీ ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్‌కు చేరగా, ఏ మెట్టును ఎంత బలంగా నొక్కారో కంప్యూటర్‌కు తెలియజేసే పనిముట్టుగా మెట్ల పెట్టె మిగిలింది. ఈ పనిముట్టునే కంట్రోలర్ అంటారు. అమెరికాలోని తెలుగు సంఘాల వేడుకలలో సినీగీతాలు వినిపించడానికి హైదరాబాదు నుంచి వెళ్లే వాద్యకారులలో పలువురు ల్యాప్‌టాప్‌ను చేతిసంచిలో పెట్టుకొని, కంట్రోలర్‌ను మాత్రం దిగిన ఊళ్లోనే అద్దెకు తెప్పించుకుంటారు. బరువైన మెట్లు గల 88 మెట్ల స్టేజ్ పియానో ఒక్కటే 20 కిలోలు దాటవచ్చు, విమానంలో ఒక్కో పెట్టెకు సాధారణంగా అనుమతించే బరువు 23 కిలోలే. ఇలా స్థానికంగా అద్దెకు వచ్చే వేదిక సామగ్రికి బ్యాక్‌లైన్ అని పేరు. ఒక వేసవిలో న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సస్‌లోని ఇర్వింగ్, కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరాలలో మూడు వారాంతాలపాటు సాగిన యాత్రలో ఆ బ్యాక్‌లైన్ ఊరికొక రూపంలో ఎదురైన తీరును, బృందంలో కీబోర్డు వాయించిన ఈ వ్యాసకర్త ఇక్కడ నమోదు చేస్తున్నాడు.

బయలుదేరక ముందు ఇంట్లో చేసుకున్న ఏర్పాటే ఈ యాత్రకు ఆధారం. బృందం పాడే 24 పాటలకు కావలసిన వయొలిన్ల గుంపు, వేణువు, వీణ, నాదస్వరం, పియానో శబ్దాలు ఆపిల్ సంస్థ వారి మెయిన్‌స్టేజ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాటలవారీగా అమర్చి ఉన్నాయి. ఒక పాటకో, పాటలోని ఒక చరణానికో సరిపడే అలాంటి అమరికను ప్యాచ్ అంటారు. కొత్తగా ఈ పనిలోకి దిగినవారు తమ ఇంట్లోని కంట్రోలర్ మీది ఫలానా మీటను నేరుగా ఫలానా శబ్దానికి ముడివేస్తారు, యంత్రం మారిన రోజున ప్రతి పాటనూ తెరిచి ఆ ముళ్లన్నీ విప్పి మళ్లీ వేయవలసి వస్తుంది. మెయిన్‌స్టేజ్‌లో ఈ చిక్కును తప్పించే నడిమి పొర ఒకటి ఉంది. తెర మీద బొమ్మలుగా కనిపించే చక్రాలకూ మీటలకూ పెడళ్లకూ శబ్దాలు ముడిపడి ఉంటే, అసలు యంత్రం ఆ బొమ్మలకు మాత్రమే ముడిపడుతుంది. కొత్త కంట్రోలర్ వచ్చినప్పుడు లేఅవుట్ విభాగంలో ఒక్కో బొమ్మను ఎంచుకొని చేతికింది మీటను ఒకసారి కదిపితే చాలు, పాటల జోలికి పోనక్కరలేదు. గిగ్ పెర్ఫార్మర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో రిగ్ మేనేజర్ చేసేదీ ఈ పనే. ఆ బొమ్మలకు యంత్రం పేర్లు కాక ‘వేణువు ఊపిరి’, ‘వయొలిన్ల పెంపు’ అంటూ సంగీతపు పేర్లు పెట్టుకోవడం ఎంతో మేలని ఈ వ్యాసకర్త నమ్మకం, ఎందుకంటే వేదిక మీద తొందరలో గుర్తుకు వచ్చేది చేయవలసిన పనే గాని మీట సంఖ్య కాదు. సంచిలో వీటికి తోడు సొంత పెడళ్లు రెండు, యూఎస్‌బీ తీగలు రెండు, అమెరికా ప్లగ్గు ఒకటి చేరాయి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులే అయినా, ల్యాప్‌టాప్ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల వరకు దేనికైనా ఓర్చుకుంటుంది.

ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డు చీరల దుకాణాలతో, నగల కొట్లతో, దోసెల హోటళ్లతో కళకళలాడుతుంది. అక్కడికి కొద్ది దూరంలోని పాఠశాల ఆడిటోరియానికి వచ్చిన అద్దె కీబోర్డు జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ వారి ఆర్‌డి-2000. 88 మెట్లు, అసలు పియానోలా బరువైన స్పర్శ. దాని ఎడమ పక్కన ఉండే మీటను అటూ ఇటూ జరిపితే శ్రుతి వంగుతుంది, ముందుకు నెడితే మాడ్యులేషన్ అనే సంకేతం వెలువడుతుంది, చేయి వదిలితే స్ప్రింగు బలంతో మీట మొదటి చోటికి తిరిగి వస్తుంది. ఇంటి కంట్రోలర్‌లో మాడ్యులేషన్ ఒక చక్రం, పెట్టినచోట నిలిచి ఉంటుంది. వయొలిన్ల పెంపు దాని మీదే ఆధారపడి ఉండడంతో, సౌండ్ చెక్‌లో ఎడమ చేయి మెట్ల మీదికి వచ్చిన ప్రతిసారీ వయొలిన్లు ఒక్కసారిగా నీరసించాయి. ఆ కీబోర్డుకే విడిగా రెండు చక్రాలున్నాయి గనుక, ‘వయొలిన్ల పెంపు’ బొమ్మను వాటిలో ఒకదానికి ముడివేయగానే పాటలన్నీ ఒకేసారి చక్కబడ్డాయి.

ఇర్వింగ్‌లో 2014లో నెలకొల్పిన మహాత్మాగాంధీ స్మారకాన్ని ఉదయం దర్శించి హాలుకు చేరేసరికి, అడిగిన 88 మెట్ల కీబోర్డుకు బదులు 61 మెట్ల తేలికపాటి కంట్రోలర్ సిద్ధంగా ఉంది. మిడి లెక్కలో 88 మెట్ల కీబోర్డు 21వ స్వరం నుంచి 108వ స్వరం వరకు, 61 మెట్లది 36 నుంచి 96 వరకు విస్తరిస్తుంది. మిడి అంటే శబ్దాన్ని కాక, ఏ స్వరం ఎంత బలంతో మొదలై ఎప్పుడు ఆగిందన్న సంకేతాన్ని వాద్యం నుంచి వాద్యానికి చేరవేసే భాష. ఆ లెక్కన కింద 15 మెట్లు, పైన 12 మెట్లు పోయాయి. మెట్ల వరుసను ముక్కలుగా విభజించి ఒక్కో ముక్కకు ఒక్కో శబ్దం కేటాయించడాన్ని స్ప్లిట్ అంటారు. ఎడమ అంచున శ్రుతి, నడుమ పియానో, కుడి అంచున వేణువు పెట్టుకున్న 7 పాటలలో ఆ అంచులే లేకుండా పోయాయి. నడిమి పొర ఇక్కడ ఏమీ చేయలేదు, ఎందుకంటే మీటకు మారుపేరు పెట్టవచ్చు గాని లేని మెట్టుకు పేరు పెట్టి ప్రయోజనం లేదు. ఆ 7 పాటలను ఒక్కొక్కటిగా తెరిచి, శ్రుతిని ఒక స్థాయి పైమెట్లకు జరిపి, మోగేది మాత్రం పాత స్థాయిలోనే మోగేలా సాఫ్ట్‌వేర్‌లో 12 అర్ధస్వరాలు కిందికి దించవలసి వచ్చింది. దీనికి తోడు అక్కడి పెడల్ తలకిందులుగా పనిచేసింది: తొక్కినప్పుడు విద్యుత్ వలయం మూసుకునే పెడళ్లు కొన్ని, తెరుచుకునేవి కొన్ని ఉన్నందున, కీబోర్డుకూ పెడల్‌కూ పొత్తు కుదరకపోతే కాలు తీసినప్పుడే స్వరాలు సాగుతాయి. సొంత పెడల్ అడుగున ఈ తేడాను సరిచేసే మీట ఉండడం వల్ల ఆ చిక్కు నిమిషంలో తీరింది. ఆ రాత్రే కచేరీ ఫైలుకు 61 మెట్ల ప్రతి ఒకటి విడిగా తయారైంది. అది ఇంట్లోనే తయారై ఉండవలసింది.

శాన్ హోసే మిడి చరిత్రలో ముఖ్యమైన ఊరు. డేవ్ స్మిత్ స్థాపించిన సీక్వెన్షియల్ సర్క్యూట్స్ ఈ ఊరి సంస్థే. 1983 జనవరిలో అనహైమ్‌లో జరిగిన సంగీత వాద్యాల ప్రదర్శనలో ఆ సంస్థ ప్రాఫెట్-600నూ రోలాండ్ వారి జూపిటర్-6నూ ఒక తీగతో కలిపి, ఒకదానిని వాయిస్తే రెండవది పలికేలా చూపారు. పోటీదారులైన రెండు సంస్థలు ఒకే భాషకు ఒప్పుకున్న ఆ పనికి స్మిత్‌కూ రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహషికీ 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారం దక్కింది. ఏ దేశపు కీబోర్డు అద్దెకు వచ్చినా హైదరాబాదు ల్యాప్‌టాప్‌కు దాని మాట అర్థమవుతున్నదంటే ఆ ఒప్పందమే కారణం.

ఇక్కడికి వచ్చినది స్వీడన్‌లో తయారయ్యే ఎర్రని నార్డ్ స్టేజ్. శ్రుతిని వంచడానికి దానికి చక్రం ఉండదు, చిన్న కొయ్య పుల్ల ఉంటుంది. చాలా చక్రాలలో నడుమ కొంత దూరం కదిపినా ఏమీ మారని నిర్జీవ భాగం ఉంటుంది గాని ఈ పుల్లకు అది లేదు, వేలు తాకితే స్వరం కదులుతుంది. తెలుగు వాద్యకారునికి ఇది చిన్న విషయం కాదు. తోడి రాగంలోని సాధారణ గాంధారం ఒకచోట కుదురుగా నిలిచేది కాదు, రిషభ మధ్యమాల మధ్య ఊగుతూనే తన రూపం తెచ్చుకుంటుంది. కీబోర్డులో శ్రుతి సాధారణంగా పైకీ కిందికీ రెండేసి అర్ధస్వరాలు వంగుతుంది గనుక, గాంధారం మెట్టు నొక్కి పూర్తిగా కిందికి వంచితే శుద్ధ రిషభం, పూర్తిగా పైకి వంచితే శుద్ధ మధ్యమం కచ్చితంగా అందుతాయి. మిడిలో ఈ వంపుకు 0 నుంచి 16,383 వరకు విలువలున్నాయి, 8,192 నడిమి స్థానం; లెక్క అన్ని యంత్రాలలో ఒకటే అయినా చేతికి తగిలే పట్టు ఒకటి కాదు. ఎడిసన్‌లో స్ప్రింగు మీట గమకాన్ని వెనక్కి లాగింది, ఇర్వింగ్‌లో చక్రం నడిమి భాగం దాటేసరికి ఊపు తెగింది, శాన్ హోసేలో మాత్రం నాదస్వరపు బిట్ వాయిస్తుండగా గాంధారం తీగ మీద ఊగినట్టు ఊగింది. సాఫ్ట్‌వేర్ ఎంత నేర్పుగా కట్టినా గమకం చివరికి ఆ అద్దె యంత్రపు మీట దయమీదనే ఉంటుందన్నది ఈ వ్యాసకర్త తేల్చుకున్న విషయం, దానికి మందు సాధన సమయం తప్ప మరొకటి కనిపించలేదు.

కాబట్టి ప్రవాస తెలుగు సంఘాల నిర్వాహకులకు ఒక విన్నపం: ఏ కీబోర్డు తెప్పిస్తున్నారో దాని పేరూ మెట్ల సంఖ్యా కచేరీకి వారం ముందే వాద్యకారునికి రాసి పంపండి, తెర లేవకముందు దానితో గడపడానికి ఒక గంట విడిగా ఇవ్వండి.