తనదైన నాదము

కోనసీమలో రాజోలు దాటి, చించినాడ వంతెన మీదుగా వసిష్ఠ గోదావరి ఆవలియొడ్డునకు పోయినచో పాలకొల్లు సమీపించును. క్షీరారామ క్షేత్రముగా ప్రసిద్ధికెక్కిన ఆ పట్టణమున 1969వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఉప్పలపు శ్రీనివాస్ జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు వాద్యకారులు. ఆఱేండ్ల ప్రాయమున ఆ బాలుడు తండ్రిగారి మాండలిన్‌ను చేతబట్టెను.

మాండలిన్ ఇటలీ దేశమున పుట్టిన వాద్యము. దానికి జంటలుగా అమర్చిన ఎనిమిది తీగలుండును. మీటగనే నాదము మ్రోగి, అంతలోనే అణగిపోవును. కర్ణాటక సంగీతమునకు గమకము ప్రాణము. స్వరము నిలువవలెను, ఊగవలెను, మఱియొక స్వరములోనికి జాఱవలెను. జంట తీగలను ఒక్కరీతిగా లాగి ఆ పని చేయించుట కష్టము. కనుక త్యాగరాజ కీర్తనలకు ఈ వాద్యము తగదని పలువురు తలచిరి.

గురువులైన రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు. వారికి మాండలిన్ వాయించుట తెలియదు. వారు పాడెడివారు, శిష్యుడు విని, ఆ పాటను తీగలపై పలికించెడివాడు. వ్రేలు ఎచ్చట నుంచవలెనో చూపువారు లేరు. ఇది లోపముగా తోచును గాని, అదియే వరమయ్యెను. అనుకరించుటకు మఱియొకరి చేయి లేనందున, గురువుగారి గాత్రమునే గుఱిగా గొని, బాలుడు తన మార్గమును తానే వెదకుకొనెను.

ఆ వెదకులాటలో అతడు విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించి, జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలను అమర్చుకొనెను. తీగ కంపనము విద్యుత్తుగా మాఱి, యంత్రమువలన పెంపొంది వినవచ్చును. ఒక్క మీటుతో పుట్టిన నాదము ఎక్కువసేపు చెవికి అందును. ఆ వ్యవధిలో వ్రేలు తీగను ప్రక్కకు లాగి గమకమును పలికించును. యంత్రము ధ్వనిని పెంచినది. రాగభావము మాత్రము సాధనవలననే వచ్చినది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున అతని తొలి కచేరి జరిగెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున విదేశీయులు అతని వాద్యమును వినిరి. 1995లో కెనడా సంగీతజ్ఞుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అను సంపుటిని వెలువరించెను. నూతన ధ్వనుల నడుమను ఆ మాండలిన్ తన పలుకును కోల్పోలేదు. 1998లో పద్మశ్రీ లభించెను. 2014 సెప్టెంబరు 19న, నలువదియైదవ యేట, చెన్నైలో ఆయన కన్నుమూసెను.

నేడు కంప్యూటరులో వేయి వాద్యముల ధ్వనులు సిద్ధముగా నుండును. బొత్తాము నొక్కిన చాలును, ధ్వని పుట్టును. కాని సంగీతము కూర్చువాని గొంతు అందులో పుట్టదు. ముందు చెవి చక్కగా వినవలెను, మనస్సు పాడవలెను; పిమ్మటనే చేయి పలికించవలెను. పాలకొల్లు బాలుడు నడచిన దారి యిదియే.