వంతెన కింద అమ్మమ్మ

కిందటి ఏప్రిల్‌లో శాన్‌డియేగో వెళ్ళి చికానో పార్కు చూశాం. కరొనాడో వంతెన స్తంభాల నిండా బొమ్మలే. ఆ పేటలోని మెక్సికన్ సంతతి వాళ్ళకు అక్కడ పార్కు ఇస్తామని, తీరా పోలీసు స్టేషను కట్టబోయారట. 1970 ఏప్రిల్ 22న జనం బుల్‌డోజర్లకు అడ్డం నిలబడ్డారు. 1973లో బొమ్మలు మొదలయ్యాయి. 1975లో ఒక స్తంభానికి చికానాలు, అంటే ఆ సంతతి ఆడవాళ్ళే, రంగులు వేశారు.

ఉత్సవానికి లోరైడర్ కార్లు వచ్చాయి. నేలను రాసుకుంటూ పోతాయి, మీట నొక్కితే గెంతుతాయి! ఒక పాత ఇంపాలా డిక్కీ మీద ముసలమ్మ బొమ్మ, చుట్టూ గులాబీలు. వేసిన అమ్మాయి పక్కనే ఉంది.

"మా అమ్మమ్మ. చేపల ఫ్యాక్టరీలో డబ్బాలు నింపేది. పూలు ఆవిడ పెరటివే" అంది.

తిరుగుదారిలో మా చిన్నది, "మీ అమ్మమ్మలేం చేసేవారు?" అని అడిగింది. వడ్లు దంచేవారనుకుంటాం. ఊరికి ఫోను చేసి కనుక్కోవాలి.